కొరుక్కుపేట వస్తే వడలు

తిరువొత్తియూరు తెలుగు క్రైస్తవ సంఘంలో దేవరాజులుగారు ప్రార్థనకు లేచారంటే ఎవరూ గడియారం చూడరు. చూసి ప్రయోజనం లేదు. ఆయన ఎలక్ట్రిక్ రైళ్ళలో గార్డుగా చేసి రిటైరయ్యారు. రిటైరయ్యింది ఉద్యోగం నుంచి మాత్రమే, బండి ఇంకా దిగలేదు. ఆయన ప్రార్థన ఎన్నూరులో బయల్దేరి బీచ్ స్టేషన్‌లో ఆగుతుంది. మధ్యలో మా సంఘంవాళ్ళు ఏ స్టేషన్ దగ్గర కాపురముంటే ఆ స్టేషన్‌లో ఆగి, ఒక్కొక్కరినీ పేరుపెట్టి, వాళ్ళ జబ్బు, ఆ జబ్బుకు డాక్టరు రాసిచ్చిన మాత్ర, ఆ మాత్ర పడకపోతే వచ్చే దద్దుర్లు, అన్నీ దేవుడికి విన్నవించి గానీ ఆయన తర్వాతి స్టేషన్‌కు కదలరు.

నేను ఆ సంఘంలో కీబోర్డు వాయిస్తాను. ప్రార్థన అయిన మరుక్షణం ఆమేన్ పాట అందుకోవాలి కాబట్టి అంతసేపూ వేళ్ళు మెట్ల మీద పెట్టుకునే కూర్చోవాలి. నాకు ఓర్పు తక్కువ. ఆకలి వేస్తే అసలే లేదు. ఆయన తండయారుపేటలో ఎవరి పిత్తాశయంలోనో రాళ్ళు ఏరుతుంటే నా కడుపులో ఎలుకలు పరుగెత్తేవి.

కానీ మా ఆడవాళ్ళకు ఆ ప్రార్థనతో ఒక సదుపాయం ఉండేది. లెంటులో, అంటే ఈస్టర్‌కు ముందొచ్చే నలభై ఉపవాస దినాల్లో, ప్రతి బుధవారం సాయంత్రం ఒక్కొక్కరి ఇంట్లో కూటం పెడతాం. ముందు వాక్య పాఠం, తర్వాత దేవరాజులుగారి ముగింపు ప్రార్థన, ఆ తర్వాత ఆ ఇంటివాళ్ళు టిఫిన్ పెట్టాలి. లెంటులో మాంసం మానేస్తాం గనక టిఫిన్ మీద మా భక్తి రెట్టింపవుతుంది. ఆయన ఎన్నూరు అనగానే ఇంటావిడ మెల్లగా లేచి వంటింట్లోకి పోతుంది. తిరువొత్తియూరులో చట్నీకి తిరగమోత పెడుతుంది. తండయారుపేటలో నూనె పొయ్యి మీదికెక్కుతుంది. కొరుక్కుపేట వస్తే వడలు నూనెలోకి దిగుతాయి. చాకలిపేట, రాయపురం దాటి బండి బీచ్ చేరేసరికి వడలు ఎర్రగా వేగి పళ్ళెంలో ఉంటాయి. కొత్త కోడళ్ళకు అత్తలు మొట్టమొదట నేర్పేది ఈ లెక్కే.

ఈ ఏడు మా సంఘానికి తెనాలి నుంచి కొత్త పాస్టరుగారు వచ్చారు. పేరు దయాసాగర్. చిన్నవాడు, ఉత్సాహం జాస్తి. మొదటి బుధవారం కూటం భువనేశ్వరక్క ఇంట్లో. పాఠం అయిపోయాక ఆయన పుస్తకం మూసి మా అందరి వంకా చూశాడు.

"చూడండి, ఏడాదికేడాది లెంటుకి మనం ఏం వదులుతున్నామండీ? వంకాయ గిట్టనాయన వంకాయ వదులుతున్నాడు. షుగరున్నాయన స్వీట్లు వదులుతున్నాడు. దీన్ని త్యాగం అందామాండీ? ఈసారి మీరు వదలాల్సింది మీరు ఎంచుకోకూడదు. మీ ఇంట్లోవాళ్ళు ఎంచాలి. వాళ్ళు చెప్పింది ఈస్టర్ దాకా మారుమాట్లాడకుండా పాటించాలి."

ఆ మాట నోట్లోంచి వచ్చిందో లేదో, ఆడవాళ్ళు కూర్చున్న చాప మీద పెద్ద కదలిక. అంతమంది ఒక్కసారిగా పమిట సర్దుకోవడం నేను ఏ పండగనాడూ చూడలేదు.

భువనేశ్వరక్క ముందుగా లేచింది. "మా ఇంటాయన పొద్దున్నే పేపరు ఎత్తుకోని బాత్రూముకి పోయేది వదలాల. ఆడ కూర్చోని ప్రపంచమంతా చదువుకోని వస్తాడు, బయట మేమంతా క్యూ!"

ఆమె భర్త సుబ్బన్ ఊరుకుంటాడా? "ఆమె రాత్రి సీరియళ్ళు వదలాల. మూడూ!" అన్నాడు. ఆ ఇంట్లో ఆ వారమంతా శాంతి లేదని తర్వాత తెలిసింది.

వెనక నుంచి పాస్టరమ్మగారు సిగ్గుపడుతూ చెయ్యెత్తింది. "మా అయ్యగారు ప్రసంగంలో 'ముగించే ముందు ఒక్క మాట' అనడం వదలాలండీ. ఒక్క మాటని చెప్పి మళ్ళీ మొదట్నించీ అందుకుంటున్నారు." అందరూ విరగబడి నవ్వారు. పాస్టరుగారి మొహం పాలిపోయింది. తను తవ్విన గోతిలో తనే పడతాడని ఆయన అనుకున్నట్టు లేదు.

ఆ నవ్వుల మధ్యలో రాజలక్ష్మమ్మ లేచింది. దేవరాజులుగారి భార్య. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. కళ్ళజోడు సవరించుకుని, "ఈయన పదిమందిలో గొంతెత్తి ప్రార్థన చేసేది వదలాల. ఈస్టర్ దాకా," అని కూర్చుంది.

 ఆ వెంటనే ఎవరో, దేవుడు మొర ఆలకించినట్టు, "స్తోత్రం!" అన్నారు. అది ఎవరి గొంతో తేల్చడానికి తర్వాత చాలా విచారణ జరిగింది. నేను మాత్రం దొరకలేదు.

దేవరాజులుగారు భార్య వైపు తిరిగి చూశారు. ఆమె చాప అంచు పీకుతూ కూర్చుంది.  మాట ఇచ్చాక తప్పే మనిషి కాదు. తలవంచుకుని, "అట్లనే అయ్యగారూ," అన్నారు. అప్పటికే పరిశుద్ధులైనట్టు అందరం కళ్ళు మూసుకున్నాం. పాస్టరుగారే నాలుగు మాటల్లో ప్రార్థన ముగించాడు. నేను ఆమేన్ వాయించాను. అందరం ఆశగా వంటింటి వైపు చూశాం. భువనేశ్వరక్క గుమ్మంలో పిండి చేత్తో నిలబడి ఉంది. "అయిపోయిందా? అయ్యయ్యో! నేనింకా పొయ్యే ముట్టించలా!"

ఆ రోజు మేం మిక్స్చరు తిని ఇళ్ళకు పోయాం.

దేవరాజులుగారిదీ మాదీ ఒకే వీధి. ముగ్గురం నడిచి వస్తున్నాం. రాజలక్ష్మమ్మకు కుడికంట్లో పొర వచ్చి గుంతలు సరిగా కనపడవు. ఆయన మోచెయ్యి పట్టుకుని నడుస్తుంది. ఈస్టర్ అయిన మంగళవారమే ఆపరేషన్. దాన్ని తలుచుకుంటే ఆమెకు వణుకు. వాళ్ళమ్మకు ఆ కాలంలో ఎక్కడో క్యాంపులో చేసిన ఆపరేషన్ తేడాకొట్టి ఉన్న చూపు కాస్తా పోయింది. ఈ సంగతి ఆమె నా ఎదురుగానే ఆయనతో ఒకసారి చెప్పుకుంది. "ఇప్పుడంతా మిషనే. అరగంట పని. దేవుడు చూసుకుంటాడు," అని ఆయన పేపరు తిరగేశారు.

వీధి మలుపులో ఆయన ఉండబట్టలేక అడిగారు. "ఏమే, పదిమందిలో నన్నట్ల అనేసినావే, ఎందుకు?"

"ఈస్టర్ దాకా టైముండాది గదా. ఆలోచించుకోండి. మీకే తెలస్తాది."

ఇంకేమీ చెప్పలేదు. మర్నాడు ఆయన మా ఇంటికొచ్చి, కాఫీ కూడా ముట్టకుండా కూర్చున్నారు. "శ్రీకుమారూ, పెండ్లైన కాణ్ణుంచి నా వెనక కూర్చోని ఆమేన్ అంటాండాది. అది విసుగుతో అనిందా? ఊరోళ్ళు విసుక్కుంటే నాకు లెక్కలా. ఆమె గూడా విసుక్కునిందంటే నేనింక ఎవరికోసరం ప్రార్థన చెయ్యాల?" ఆ మాటంటున్నప్పుడు ఆయన గొంతు గార్డు గొంతులా లేదు.  స్తోత్రం అన్నది నేనేనని ఆయనకు తెలియకపోవడం ఒక్కటే ఆ పూట నాకున్న ఊరట.

తర్వాతి బుధవారాలు మా సంఘ చరిత్రలో ఎవరికీ రాకూడనివి. దేవరాజులుగారి ప్రార్థన లేదు. పోనీ, పాస్టరుగారి ప్రసంగాన్ని బట్టి పొయ్యి వెలిగిద్దామంటే, 'ముగించే ముందు' అనే మాట ఆయనకు నిషేధం. దాంతో ఎప్పుడు ముగిస్తాడో ఆయనకే తెలియడం లేదు. ఒకసారి బైబిలు కథలో ఎర్ర సముద్రం దాటుతున్న జనాన్ని మధ్యలోనే నిలబెట్టి హఠాత్తుగా కూర్చుండిపోయాడు. ఇంకోసారి ముగింపు దొరక్క ఆదినుంచీ రెండు చుట్లు తిరిగాడు. ఒక ఇంట్లో ఉడకని ఉప్మా. ఒక ఇంట్లో గోడకేసి కొడితే తిరిగొచ్చే బోండాలు. ఉపవాస దినాలన్న పేరు ఆ ఏడు మాకు నిజంగా సార్థకమైంది.

అంతకంటే వింత ఇంకొకటి జరిగింది. భువనేశ్వరక్క మోకాళ్ళు పట్టుకుని నా దగ్గర వాపోయింది. "ఇన్ని వారాలైంది, నా మోకాళ్ళ పేరెత్తినోళ్ళు లేరు తమ్ముడా! పాస్టరయ్య 'అందరినీ దీవించుము' అంటాండాడు. అందరిలో నా మోకాళ్ళు దేవుడికి యాడ కనపడతాయి? మా దేవరాజులన్నైతే ఎడమకాలా కుడికాలా అని గూడా చెప్పేవాడు." రాయపురంవాళ్ళు ఫోన్ చేసి, తమ అబ్బాయి బ్యాంకు పరీక్ష సంగతి ఎవరు చూస్తున్నారని అడిగారు. అప్పుడు నాకు ఒకటి అర్థమైంది. ఆయన ప్రార్థనలో మాకు విసుగు పుట్టేది పక్కవాళ్ళ స్టేషన్ల దగ్గరే. మన స్టేషన్ కోసం మాత్రం ప్రతివాడూ చెవులు రిక్కించుకునే కూర్చునేవాడు. నా నడుంనొప్పి నాకూ ఉంది మరి.

చివరికి మేం రాజలక్ష్మమ్మ దగ్గరికి రాయబారం పోయాం. భువనేశ్వరక్క, సుబ్బన్, నేను. ఆమె వసారాలో కూర్చుని బియ్యం చేట ముక్కుకానించుకుని రాళ్ళు ఏరుతోంది. దేవరాజులుగారు రేషన్‌కు పోయారు.

"అక్కా, రొంబ కష్టంగా ఉండాది. ఆయన్ని విడిచిపెట్టు. పావం, మనిషి సగమైపోయినాడు," అంది భువనేశ్వరక్క.

"విడవను."

"అంత కోపమేందక్కా ఆయన మీద?"

ఆమె చేట దించింది. "కోపం గాదు. ఆయన బండి అన్ని స్టేషన్లలో ఆగతాది. ఆగని చోటు ఒకటుండాది. అది ఆయనకే తెలియాల. నేను చెప్పి ఆపించుకుంటే దాంట్లో ఏముండాది?"

ఆమె మళ్ళీ చేట ఎత్తి ముక్కుకానించుకుంది. ముగ్గురం మొహాలు చూసుకున్నాం. ఇంటి బయటికొచ్చి, బుద్ధిమంతుల్లాగా ఆగని స్టేషన్ ఏదా అని వెతకడం మొదలుపెట్టాం. వ్యాసర్పాడి ఏమో అన్నాను నేను. ఆ లైను వేరు కదా అన్నాడు సుబ్బన్. బాత్రూంలో పేపరు లేక ఆయన బుర్ర కూడా పనిచేయడం లేదు. చివరకు ఆయనే, "మెట్రో! మెట్రో స్టేషన్లు వచ్చినాయి గదా, వాటిని కలపలా!" అని తొడ చరిచాడు. ఆ సాయంత్రమే వెళ్ళి దేవరాజులుగారికి మెట్రో మ్యాపు ఇచ్చొచ్చాడు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఆ రూట్లో మనవాళ్ళు ఎవరున్నారని అడిగారట. 

ఆ తర్వాత జరిగింది ఈస్టర్ అయ్యాక దేవరాజులుగారే నాకు చెప్పారు. ఈస్టర్‌కు ముందటి శ్రమల వారంలో ఒక మధ్యాహ్నం. పదిమందిలో గొంతెత్తకూడదు గానీ మనసులో చేసుకోవడానికి అడ్డులేదు కదా అని మంచం మీద కూర్చుని కళ్ళు మూసుకున్నారు. బండి ఎన్నూరులో బయల్దేరింది. అలవాటు లేని పని. నోరు కదలకపోతే ఆయనకు పేర్లు గుర్తురావు. అందుకని ఒక్కొక్కరి మొహం తలుచుకుంటూ నిదానంగా నడిపారు. కత్తివాక్కం అయింది. విమ్కోనగర్ అయింది. తిరువొత్తియూరు వచ్చింది. మా ఇల్లు అయింది, నా నడుం అయింది, భువనేశ్వరక్క ఇల్లు అయింది, రెండు మోకాళ్ళూ అయ్యాయి. సొంత ఇల్లు వచ్చేసరికి ఎప్పటిలాగే 'నా ఇంటివారిని కాపాడుము' అని పచ్చజెండా ఊపబోయారు.

గొంతుతో అయితే ఆ ముక్క చిటికెలో దాటిపోయేది. మనసులో మొహాలు చూసుకుంటూ పోతున్నారు కదా, ఆ 'ఇంటివారి'కి మొహం తగల్లేదు. కళ్ళు తెరిచారు. ఎదురుగా ఆమె గోడకానుకుని కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తోంది. దారం తడిపి, సూదిని కంటికి దగ్గరగా పెట్టి, దూరంగా పెట్టి, మళ్ళీ దగ్గరగా పెట్టి. ఎక్కలేదు. ఎక్కలేదని విసుక్కోలేదు. పక్కింటి పిల్ల బడి నుంచి వస్తుందేమోనని వాకిలి వైపు చూసి, సూదిని జాకెట్టుకు గుచ్చుకుని, ఎడమచేత్తో కుడికన్ను మూసుకుని కాసేపు అలాగే కూర్చుంది. ఆపరేషన్ అయ్యాక ఆ కన్ను లేకపోతే లోకం ఎలా ఉంటుందో చూసుకుంటోందని ఆయనకు అప్పుడు అర్థమైంది.

"ఊర్లో ఉండే ప్రతి కన్నునీ, కాలునీ దేవుడికి పేరుపెట్టి చెప్పినాను శ్రీకుమారూ. దీని పేరు నా నోటితో ఒక్కసారన్నా చెప్పలా. ఏమే అంటే పలికేది. ఆ పిలుపే సరిపోతాదనుకున్నా. దేవుడు యాడ తెలుసుకుంటాడు, 'ఏమే'కి కంట్లో పొర అంటే?" ఆయన నవ్వబోయారు. నవ్వు రాలేదు.  సిగ్గేసిందన్నారు. లేచి వెళ్ళి సూదిలో దారం మాత్రం ఎక్కించి ఇచ్చారు.

ఈస్టర్ నాడు తెల్లవారుజామున చర్చి ఆవరణలోనే ఆరాధన పెట్టుకున్నాం. సముద్రం గాలి చల్లగా కొడుతోంది. చర్చి వెనక షామియానా కింద భువనేశ్వరక్క గ్యాస్ పొయ్యి, బాండీ, బక్కెట్ నిండా వడపిండి పెట్టుకుని సిద్ధంగా ఉంది. ఈ పూటతో దేవరాజులుగారి వ్రతం తీరింది. ముగింపు ప్రార్థన ఆయనదే. ఆ సంగతి తెలిసి అందరి మొహాలూ కళకళలాడుతున్నాయి. పాస్టరుగారు కూడా ప్రసంగంలో నిండు గొంతుతో "ముగించే ముందు ఒక్క మాట!" అన్నాడు. చప్పట్లు కొట్టాం. ఆయన దాన్ని మూడుసార్లు అన్నాడు.

దేవరాజులుగారు లేచారు. తెల్లచొక్కా, మెడలో కండువా. జనం సర్దుకుని కూర్చున్నారు. తల్లులు నిద్రపోతున్న పిల్లల్ని ఒళ్ళో ఇటునుంచి అటు మార్చుకున్నారు. నేను కీబోర్డు మీద నుంచి చేతులు తీసి జేబులో పెట్టుకున్నాను, చాలా టైముంది కదా అని. భువనేశ్వరక్క ఎన్నూరు కోసం గరిటె పట్టుకుని చెవి ఒగ్గింది.

"ప్రభువా," అన్నారాయన. ఆగారు. 

"రాజలక్ష్మి. నా భార్య. రాజలక్ష్మికి మంగళవారం కన్ను ఆపరేషన్. భయపడతాండాది. నాక్కూడా భయంగానే ఉండాది. నువ్వు ఆమె చెయ్యి పట్టుకో. ఇంకో చెయ్యి నేను పట్టుకుంటాను. ఆమేన్."

కూర్చున్నారు.

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. కొందరు ఇంకా కళ్ళు మూసుకునే ఉన్నారు. నేను కంగారులో తప్పు మెట్టు నొక్కాను. వెనక నుంచి భువనేశ్వరక్క కేక: "అంతేనా? నూనె గూడా పెట్టలేదప్పా!"

ఆడవాళ్ళ వైపు నుంచి ఆలస్యంగా ఒక ఆమేన్ వినిపించింది. ఒక్కటే. రాజలక్ష్మమ్మది. కళ్ళజోడు తీసి పమిటతో తుడుచుకుంటోంది. తుడిచి పెట్టుకుంది, మళ్ళీ తీసి తుడుచుకుంది.  ఆగని స్టేషన్ కోసం మ్యాపులు తిరగేసిన మా తెలివికి నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆమె మెల్లగా లేచి, మగవాళ్ళ వైపు తిరిగి, అందరికీ వినపడేలా అంది. "ఏమండి, పావం వాళ్ళంతా కాచుకోనుండారు. మిగతా స్టేషన్లు గూడా పొయ్యిరాండి. వడలు కాలాల గదా."

జనం గొల్లుమన్నారు. దేవరాజులుగారు లేచి కండువాతో మొహం తుడుచుకుని, పాత గార్డు గొంతుతో ఎన్నూరు నుంచి అందుకున్నారు. భువనేశ్వరక్క ఇక ఏ స్టేషన్‌నూ నమ్మదలుచుకోలేదు. ఎన్నూరులోనే నూనె పెట్టేసింది, కత్తివాక్కంలో వడలు వేసేసింది. బండి తిరువొత్తియూరు వచ్చింది. నా నడుం అయింది, మోకాళ్ళు అయ్యాయి. తర్వాత ఆయన మళ్ళీ "రాజలక్ష్మి" అన్నారు. ఈసారి చాలాసేపు ఆగారు. ఆమె కన్ను చెప్పారు. వాళ్ళమ్మ కన్ను చెప్పారు. చీకట్లో లేచి ఆయన డ్యూటీకి కట్టిచ్చిన అన్నం క్యారియర్లు చెప్పారు. అరగంట పని అని తను పేపరు తిరగేసిన సంగతి కూడా చెప్పేశారు.

భువనేశ్వరక్క గరిటె పట్టుకుని వింటూ, ముక్కు ఎగబీలుస్తూ అలాగే నిలబడిపోయింది. వడలు బొగ్గులయ్యాయి. ఆ ఈస్టర్ పొద్దున మేమంతా వాటినే తిన్నాం. ఒక్కరూ వంక పెట్టలేదు. నేను నాలుగు తిన్నాను.